గోడవైపు పక్క

మా అత్తయ్యకి చుట్టాలొచ్చినా ఒకటే, మీటరు చూసేవాడొచ్చినా ఒకటే. ఇల్లు అద్దంలా ఉండాల్సిందే. ఎంగిలి గ్లాసు ఒక్కటి బయటివాళ్ళ కంటబడితే పరువు పోయిందని పొద్దస్తమానం గొణుగుతూనే ఉంటుంది. ఇక ఆవిడ కొడుకు, అంటే మా ఆయన, గోడలకి రంగులు వేసే పెయింటరు. తల్లి మాట జవదాటడు. వీళ్ళిద్దరూ ఒకటైతే ఎంత ప్రమాదమో, హౌసింగు ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చిన రోజున తెలిసింది.

ఆవిణ్ణి రప్పించడానికి నేను ఎక్కని మెట్టు లేదు, దిగని మెట్టు లేదు. మాది ఆ ఆఫీసువాళ్ళు కట్టించిన ఇళ్ళలో కింది అంతస్తు. వెనక మురుగు కాలువ. ఎదురుగా, ఆవలిస్తే వినబడేటంత దగ్గర్లో ఇంకో బ్లాకు. ఎండ మా కిటికీ దాకా వచ్చి, లోపలికి రావడానికి మొహమాటపడి వెళ్ళిపోతుంది. కాలువ చెమ్మ మాత్రం ఏ మొహమాటమూ లేకుండా పునాదుల్లోంచి గోడల్లోకి ఎక్కేస్తుంది. మా వరసలో తలుపు తట్టక్కర్లేదు, దగ్గు విని ఎవరింట్లో ఎవరున్నారో చెప్పేయొచ్చు.

మా అమ్మాయిని అందరూ పిచ్చుక అంటారు. పేరుకే పిచ్చుక. నాలుగడుగులు పరిగెత్తితే చాలు, గుమ్మం పట్టుకుని నిలబడిపోయేది. ఛాతీలో పిల్లికూతలు పక్కగదిలోకి వినబడేవి. డాక్టరుగారు పరీక్ష చేసి, "ఎన్ని మందులు మార్చినా ఇంతేనమ్మా. ముందు ఇల్లు మార్చండి," అన్నారు. ఇల్లు మార్చడమంటే చొక్కా మార్చడమా? అదృష్టం బాగుండి ఆఫీసువాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. చెమ్మ ఇంట్లో ఆయాసమున్న పిల్లలుంటే, కొత్త బ్లాకులో ఎండ తగిలే ఇల్లు ముందు వాళ్ళకే. కాకపోతే ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ చెమ్మని కళ్ళారా చూడాలి. లేదని రాసి వెళ్ళిందంటే ఇంకో ఏడాదిదాకా మా మొహం చూసేవాళ్ళుండరు.

నేను బట్టలు కుట్టే కార్ఖానాలో పని చేస్తాను. ఆ రోజు ఒక పూట సెలవడిగి ఇంటికొచ్చేసరికి, గుమ్మంలోనే పెయింటు వాసన గుప్పుమంది. పొద్దున నల్ల బూజుతో, ఊడిన పెచ్చులతో ఉన్న గోడ ఇప్పుడు పాలనురుగులా మెరిసిపోతోంది. నిచ్చెన మీదున్న మా ఆయన నన్ను చూసి బ్రష్షు వెనక్కి దాచుకున్నాడు.

"ఏం చేశారండీ ఇది?"

"గీకి, పుట్టీ పెట్టి, రంగేశాను. అమ్మ వేయమంది."

"చెమ్మ గోడకి రంగు నిలవదని మీరే కదా అందరికీ చెబుతారు!"

"నిలవదు. నాలుగు రోజుల్లో పొక్కులు లేస్తాయి."

"ఆవిడ వచ్చేది నాలుగు రోజులకి కాదండీ, ఇప్పుడు!"

అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది. "ఎందుకమ్మాయ్ ఆ అరుపులు? ఉన్న కొంపనే మురికిగా పెట్టుకున్నవాళ్ళకి కొత్త ఇల్లెవరిస్తారు? ఇంటి గుట్టు బయటపెట్టుకుంటామా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "పైన పటారం లోన లొటారం అని దీన్నే అంటారత్తయ్యా," అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. నిజానికి ఆవిడంటే నాకు ప్రాణం. పిచ్చుకకి ఆయాసమొస్తే గుండెకి ఆనించుకుని, వీపు నిమురుతూ కూర్చునేది ఆవిడే. అందుకే ఇంకా ఎక్కువ కోపమొచ్చింది.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. పొద్దుట్నుంచీ మెట్లెక్కి దిగి అలసిపోయిన మనిషి. గోడ చూసి, మా మొహాలు చూసింది. "కొత్తగా రంగేశారు కదా," అంది.

"లోపలంతా చెమ్మేనండీ, గీకి చూపిస్తాను," అన్నాడు మా ఆయన.

"గీకితే తడి వస్తుంది బాబూ. అది గోడ తడో, మీ పుట్టీ తడో నేనెలా చెప్పను? మీ మాట నమ్ముతాను, కానీ కంటికి కనబడిందే రాయాలి." ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంది.

అప్పుడే బయటినుంచి పిచ్చుక పరిగెత్తుకొచ్చింది. గుమ్మం పట్టుకుని ఆగింది. పిల్లికూతలు మొదలయ్యాయి. అత్తయ్య ఆ పిల్లవైపు చూసింది, తెల్లటి గోడవైపు చూసింది. మరుక్షణం ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి పట్టేసుకుంది.

"ఒక్కసారి ఇలా రండమ్మా."

లోపలి గదిలో, అక్కడా కొత్త రంగేసిన గోడకి ఆనించి మంచం ఉంది. దాని మీద నానమ్మా మనవరాలూ పడుకుంటారు. ఆ పక్క మీద అత్తయ్య నన్నెన్నడూ చెయ్యి వెయ్యనివ్వలేదు, తనే సర్దుకునేది. శుభ్రం పిచ్చి కాబోలనుకునేదాన్ని. ఆవిడ ముడత లేని దుప్పటిని ఒక్క గుంజు గుంజి కింద పడేసింది.

"ఒరేయ్, ఆ కొస పట్టుకో."

ఇద్దరూ పరుపు తిరగేశారు. ముక్కిపోయిన కంపు గదంతా నిండింది. పిల్ల పడుకునే వైపు శుభ్రంగా ఉంది. గోడవైపు సగం పొడుగునా బూజు పట్టి నల్లగా, తడితడిగా ఉంది.

"పిల్లది అటు, నేను గోడవైపు," అంది అత్తయ్య. మాట మధ్యలో దగ్గింది. "ఆ చెమ్మేదో ముందు నాకే తగలనీ అని. మా ఇల్లు ఇదమ్మా. బాగా చూసి రాసుకోండి."

ఇన్‌స్పెక్టరమ్మ వంగి పరుపు ముట్టుకుంది. "మీకు దగ్గు ఎప్పట్నుంచి పెద్దమ్మా?" అనడిగింది. మేమందరం వయసు దగ్గనుకున్న దగ్గు అది. నాకు అత్తయ్య కాళ్ళ మీద పడి ఏడవాలనిపించింది. అంత చేతకాక, కింద పడ్డ దుప్పటి తీసి మడతపెడుతూ నిలబడ్డాను.

ఇప్పుడు మేము కొత్త బ్లాకులో పై అంతస్తులో ఉంటున్నాం. ఎండ మొహమాటం మానేసి నేరుగా మంచం మీదికే వస్తుంది. గోడ పొడిగా ఉన్నా అత్తయ్య ఇప్పటికీ గోడవైపే పడుకుంటుంది. అడిగితే అలవాటంటుంది. ఆవిడ దగ్గు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. లిఫ్టు వస్తుందన్నారు, వస్తూనే ఉంది.

నిన్న సాయంత్రం కూరలు కొనుక్కుని వస్తూ ఆవిడ మెట్ల మధ్యలో ఆగిపోయింది. పిచ్చుక అప్పటికే పైకి వెళ్ళిపోయి, "నానమ్మా, ఎంతసేపు!" అని అరుస్తోంది. అంత ఎక్కినా దానికి ఒక్క పిల్లికూత లేదు.

"కాసేపు కూర్చోండత్తయ్యా," అన్నాను సంచీ అందుకుంటూ.

"దాని ఆయాసం నేను పుచ్చేసుకున్నాను కదే, మొయ్యొద్దూ?" అని నవ్వింది.

పిచ్చుక దడదడా మెట్లు దిగొచ్చి నానమ్మ చెయ్యి పట్టుకుంది. "నువ్వు కమ్మీ పట్టుకుని ఇటు రా నానమ్మా. గోడవైపు నేనుంటాను," అంది.