కదిలిన ఫొటో

కెమెరా మడతల తిత్తికి పడ్డ చిల్లిమీద పాత గొడుగు గుడ్డముక్క పెట్టి, మైదాజిగురు రాసి, బొటనవేలితో అదుముతున్నాడు జెకర్యా. చర్చిలో మొదటి గంట కొట్టారు. తలెత్తలేదు. కృపావతి తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అయితే ఈ ఆదివారం కూడా గుడికి రారన్నమాట."

"నా వంతు కూడా నువ్వే పాడెయ్యి."

"సైకిలు తొక్కొద్దన్నారు డాక్టరుగారు. బరువులెత్తొద్దన్నారు."

"పడవెక్కొద్దని మాత్రం అన్లేదుగా!"

కృపావతికి నవ్వు రాలేదు. ఆయన గుండె సంగతి ఆవిడకి తెలుసు. రాత్రిళ్ళు రెండు దిళ్ళు ఎత్తుపెట్టుకుంటే తప్ప ఊపిరాడని మనిషి. సన్నగా పొడుగ్గా ఉంటాడు. కెమెరా స్టాండు మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారిపోయింది. ఫొటోలు కడిగే మందునీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు నల్లబడిపోయాయి. పెళ్ళినాడు ఆ నలుపు చూసి, ఈయనేం బొగ్గుల వ్యాపారస్తుడా అని ఆవిడ మేనత్త అడిగింది కూడా.

"ఇంకోమాట. నేను పోతే నన్ను కుర్చీలో మాత్రం కూర్చోబెట్టనివ్వకు."

"పొద్దున్నే అవేం మాటలండీ!"

ఆ కుర్చీ సంగతి చెప్పకపోతే జెకర్యా సంగతి చెప్పినట్టు కాదు.

బందరులో సుందరరాజు స్టూడియో అంటే దివి తాలూకా అంతటికీ తెలుసు. ఫొటో దిగితే ఆయుష్షు తరిగిపోతుందని పల్లెల్లో గట్టి నమ్మకం. అందుకని బతికున్నన్నాళ్ళూ కెమెరా ముందుకి ఎవరూ రారు. మనిషి పోగానే మాత్రం, అయ్యో, రూపం మిగల్లేదే అని స్టూడియోకి పరుగెత్తుకొస్తారు. వెళ్ళేవాడు అక్కడ పనిచేసే జెకర్యా. బస్సు దిగి, బండెక్కి, గట్లమీద నడిచి వెళ్ళేవాడు. స్నానం చేయించి కొత్తబట్టలు కట్టిన శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఉత్తరీయంతో వీపుకి కట్టి, గడ్డం కింద ఆసరా పెట్టి, కొడుకునో అల్లుణ్ణో శవాన్ని పట్టుకోమని వెనకాల దుప్పటి చాటున నిలబెట్టేవాడు. నల్లగుడ్డలో తల దూర్చి, అలవాటుకొద్దీ "కదలకండి" అనేవాడు. ఆ మాటకి ఏడుస్తున్నవాళ్ళు మరింత గొల్లుమనేవాళ్ళు. తిరిగొచ్చాక చీకటిగదిలో ఫొటో కడిగి, మూసుకున్న రెప్పలమీద సన్నకుంచెతో కళ్ళు గీసేవాడు. ఆ పనిలో ఆయన్ని మించినవాడు జిల్లాలో లేడని సుందరరాజు గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ గొప్పని ఒక్కమాటతో తీసిపారేసింది గిలకలదిండి నాంచారమ్మ. సముద్రంలో పోయి ఒడ్డుకి చేరిన మొగుడి ఫొటో చేతికివ్వగానే దాన్ని వెలుగులోకి పట్టి చూసింది.

"ఈ కళ్ళు మావోడియి కావు బాబూ. ఎండలో నీళ్ళమీద చూసీ చూసీ ఎప్పుడూ చికిలించేవోడు. ఇయ్యెవరో బడిపంతులు కళ్ళు."

ఆ రాత్రి జెకర్యాకి నిద్రపట్టలేదు. తెల్లారి గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకున్నాడు. ఆ కళ్ళు తనవే. ఇన్నేళ్ళూ చచ్చిపోయిన ప్రతివాడికీ తన కళ్ళే పెడుతూ వచ్చాడు. నాగాయలంకలో మోతుబరి, కోడూరులో బాలింత, మోపిదేవిలో ముసలాయన, అందరూ గోడలమీంచి జెకర్యా కళ్ళతోనే చూస్తున్నారు. ఎంత సిగ్గేసిందో చెప్పలేం.

అప్పట్నించే, కళ్ళు గీయక్కర్లేని ప్రాణుల్ని తీయాలని ఈ పిట్టల పిచ్చి పట్టుకుంది. స్టూడియోలో మూలపడేసిన చెక్క కెమెరాని అడిగి తెచ్చుకుని బాగుచేసుకున్నాడు. ఆదివారం వస్తే చాలు, నాంచారమ్మ దగ్గర తాటిదోనె అడిగి తీసుకుని ఒక్కడే మడ అడవిలోకి పోయేవాడు. నిలబడ్డ కొంగల్ని తీశాడు. వాలిన నీటికాకుల్ని తీశాడు. ఈకకి ఈక స్పష్టంగా వచ్చేవి. కిందటివారం అవి చూసి సుందరరాజు భుజం తట్టాడు.

"భలే కూర్చోబెట్టావయ్యా వీటిని!"

ఆ మెప్పు చెంపమీద కొట్టినట్టే తగిలింది. ప్రాణమున్నదాన్ని కూడా శవంలాగే తీస్తున్నానా? ఎగిరేదాన్ని ఎగురుతుండగా ఒక్కటంటే ఒక్కటి తీయాలి. గుండె ఆగేలోపల తీయాలి. ఇక జెకర్యాకి వేరే కోరిక లేదు.

జిగురు ఆరింది. సామాను సైకిలుకి కడుతుంటే వీధిలో జట్కా ఆగింది. సుందరరాజు దిగకుండానే కేకేశాడు.

"జెకర్యా, ఎక్కెక్కు! చల్లపల్లి అవతల పెద్దరైతు పోయాడు. స్టూడియో దగ్గరికి కారు పంపారు."

"నేను రానండి."

"రావా? వాళ్ళు నువ్వే రావాలంటున్నారయ్యా!"

"ఆయన కుర్చీలోంచి లేచి ఎటూ పోడుగదండీ. మీరు తీసినా ఒకటే. నే వెళ్ళేచోట కూర్చునేవాళ్ళు లేరు."

జట్కావాడు కిసుక్కున నవ్వాడు. సుందరరాజు మొహం ఎర్రబడింది.

"అయితే రేపట్నించి స్టూడియోకి రానక్కర్లేదు."

"సరేనండి," అన్నాడు జెకర్యా.

కుర్రతనం నుంచీ ఆయనకి సరేనండి అంటూనే ఉన్నాడు. ఇవాళ్టి సరేనండిలో మాత్రం ఒంగడం లేదు. సైకిలెక్కి, జట్కాని దాటుకుని తొక్కుకుంటూ పోయాడు.

గిలకలదిండి రేవులో నాంచారమ్మ చేపలు ఎండబోస్తోంది. ఆయన ఆయాసం చూసి చెయ్యి కడుక్కుని లేచింది.

"ఏంది బాబూ, మొగం అట్టా పాలిపోయింది? మా మరిదిని తోడు తీసుకుపో."

"తోడొస్తే మాట్లాడతాడమ్మా. పిట్టలు ముందే లేచిపోతాయి."

"లేస్తే తీత్తానని గదా వొచ్చింది!"

"లేపేది నేనవ్వాలి," అని నవ్వి, కెమెరాని దోనెలో అడ్డచెక్కకి కట్టి, గెడ అందుకున్నాడు.

పాయ మలుపు తిరిగేసరికి ఊరి చప్పుళ్ళు ఆగిపోయాయి. రెండుపక్కలా మడచెట్ల వేళ్ళు బురదలోకి దిగి ఉన్నాయి. లకుముకి పిట్ట ఒకటి దోనెకి ముందు ముందు కొమ్మ మారుతూ పోయింది. నీరుకుక్క నీళ్ళలోంచి తల పైకెత్తి, మీసాలు తడితో మెరుస్తుండగా ఆయన్ని నిలువునా చూసి, ఏమనుకుందో ఏమో మునిగిపోయింది. నాలుగుసార్లు గెడ వేస్తే ఒకసారి ఆగాల్సి వస్తోంది. ఎడంచెయ్యి లాగుతోంది. "లాగు, నీ ఇష్టం," అని చేతిని తిట్టి మళ్ళీ గెడ వేశాడు.

ఆటుపోటుల లెక్క తెలుసుకున్నాకే ఆయనకి ఈ పని చేతనైంది. నీటిమీద దోనె ఊగుతుంటే ఫొటో కుదరదు. అందుకని నీరు తీసేవేళకి దోనెని బురదతిట్టమీదికి చేర్చి కూర్చునేవాడు. నీరు దిగిపోగానే దోనె బురదలో కూరుకుని, స్టూడియో నేలంత గట్టిగా నిలబడుతుంది. పనయ్యాక పోటు వచ్చి దాన్ని మళ్ళీ పైకెత్తి, నెట్టకుండానే రేవువైపు తోసుకొస్తుంది.

ఇవాళా అట్లాగే దోనె నిలిచింది. ఎదురుగా పల్చటి నీళ్ళలో గూడబాతులు. సంచుల్లాంటి ముక్కులు రొమ్ములకి ఆనించుకుని, విందుభోజనం చేసిన అల్లుళ్ళలా కునుకుతున్నాయి. జెకర్యా నల్లగుడ్డలో తల దూర్చి, సరిచూసి, బొమ్మ పడే గాజుప్లేటు పెట్టాడు. కెమెరా మూత చేత్తో తీసి చేత్తో పెట్టాల్సిందే. అంతసేపట్లో కదిలేది ఏదైనా చెదిరిపోతుందని ఆయనకంటే బాగా తెలిసినవాడు లేడు. చెదిరిపోతే చెదిరిపోనీ.

మూతమీద చెయ్యివేశాడు. "కదల..." అని అలవాటుగా నోటిదాకా వచ్చింది. పళ్ళబిగువున ఆపుకున్నాడు. గుండెలనిండా గాలి పీల్చుకుని, జీవితంలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాడు.

"కదులు! లే! కదులు!"

గూడబాతులు ఉలిక్కిపడ్డాయి. రెక్కలు విప్పుకుని, నీళ్ళమీద కాళ్ళతో తపతపా కొట్టుకుంటూ పరుగెత్తి, అంత బరువైన ఒళ్ళూ ఒక్కొక్కటే గాల్లోకి లేచాయి. అన్నిటికంటే పెద్దది తిన్నగా దోనెమీదికే వచ్చింది. జెకర్యా మూత తీశాడు. రెక్కల గాలి మొహానికి కొట్టింది. మూత పెట్టాడు.

రొమ్ములో ఏదో బిగిసింది. అయినా తొందరపడలేదు. ప్లేటు పెట్టెని బయటికి తీసి, నల్లగుడ్డలో చుట్టి, తడి తగలకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. దోనె అంచుకి వీపు ఆనించి ఆకాశంలోకి చూశాడు. గూడబాతులు ఒక చుట్టు తిరిగి సముద్రంవైపు మళ్ళాయి. కళ్ళు చికిలించి, అవి కనబడినంతసేపూ చూశాడు.

పోటు వచ్చింది.

పొద్దువాలుతుండగా, గెడ చప్పుడు లేకుండా దోనె రేవులోకి రావడం నాంచారమ్మ చూసింది. ఎదురు నడిచి, మొలలోతు నీళ్ళలో దాని ముక్కు పట్టుకుంది. ఆయన నిద్రపోయాడేమో అనుకుంది. తర్వాత ఆ కళ్ళు చూసి, ఒంటిమీది తడికొంగు పిండి తన మొహానికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే సుందరరాజు స్టూడియో కుర్చీ మోయించుకుని వచ్చాడు. ఆయన కళ్ళు వాచి ఉన్నాయి.

"నోరు జారానమ్మా. వాడి ఫొటో నేనే, నా చేత్తో తీస్తాను."

"కుర్చీ తీసుకుపొండి," అంది కృపావతి. "ఆయన కూర్చోనన్నారు."

పాదిరిగారు, బంధువులు నచ్చజెప్పబోయారు. ఒక రూపమంటూ మిగలొద్దా అన్నారు. ఆవిడ వినలేదు. నాంచారమ్మ తెచ్చిచ్చిన నల్లగుడ్డ మూట తీసి సుందరరాజు చేతిలో పెట్టింది.

"ఇది కడగండి. మిగిలిందిదే."

సమాధి అయిన మూడోనాడు సుందరరాజు ఆ ఫొటో కడిగి తెచ్చాడు. ఇవ్వడానికి మొహమాటపడ్డాడు.

"కదిలిపోయిందమ్మా. స్టూడియోలో అయితే పారేసేవాళ్ళం. పిట్ట కన్ను అసలు పడలేదు. వాడి కుంచె ఉందిగదా, ఒక్క చుక్క పెట్టి..."

"ముట్టుకోవద్దు," అంది కృపావతి. అంత గట్టిగా ఆవిడ మాట్లాడటం ఆ వీధిలో ఎవరూ వినలేదు.

ఇప్పుడు వాళ్ళ వసారా గోడకి ఆ ఫొటో ఉంది. దండ వెయ్యలేదు. వచ్చినవాళ్ళు ఇదేమిటి, మబ్బా అని అడుగుతారు. తెల్లటి తుంపర, నీళ్ళనొదిలి లేస్తున్న బరువైన ఒళ్ళు, ఫ్రేము అంచు దాటి బయటికి పోయిన ఒక రెక్క, కన్ను ఉండాల్సినచోట ఎవరూ ఏమీ గీయని వెలుగు.