ఖాళీగా వదిలిన గడి

సాయంత్రం ఆరింటికి దరఖాస్తు గడువు ముగుస్తుంది. మా అక్క కూతురు తయానె నా వంటింటి బల్ల దగ్గర ఫోను పట్టుకుని కూర్చుంది. మెడిసిన్ తీసేసి నర్సింగు పెట్టబోతోంది. దాని మార్కులకు ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో మెడిసిన్ సీటు కోటాలో రావచ్చు, ఓపెన్‌లో రాదు. కోటా కావాలంటే ఒంటిరంగు అడిగే గడిలో చామనఛాయ, అంటే నల్లా తెల్లా కలిసిన సంతతి, అని గుర్తు పెట్టాలి. తరువాత ఒక కమిటీ ముఖం చూసి అవునో కాదో తేలుస్తుంది.

పిల్లను భయపెట్టింది మా అన్నయ్య జెనివాల్దో. మా సాల్వడోర్ నగర పత్రికలో వచ్చిన పట్టికను బల్లమీద పరిచాడు. మెడిసిన్‌లో చేరిన చామనఛాయవారు ముందటేడు పదిహేనుమంది, నిరుడు తొమ్మిదిమంది.

"చూశావా పిల్లా, కమిటీ మనవాళ్ళని ఏరిపారేస్తోంది. నువ్వేమో ఉంగరాల జుట్టు సాపు చేయించుకుని కూర్చున్నావు. పరువూ పోతుంది, సీటూ పోతుంది."

"వాళ్ళు చూసేది ముఖం మామయ్యా, జుట్టు కాదు."

"జుట్టు ఇంట్లో పెట్టి వెళ్తావేంటి?"

నేను ఆవిరి మీద ఉడుకుతున్న మొక్కజొన్న కుస్కుస్ కింద మంట తగ్గించి పట్టిక తీసుకున్నాను. దేన్నైనా సగం చదివి మాట్లాడటం అన్నయ్యకు చిన్నప్పటి అలవాటు. మొత్తం సీట్లు రెండేళ్ళూ నలభై. తెల్లవారు ఇరవైమంది ఉండేవారు, పందొమ్మిది అయ్యారు. నల్లవారు రెండేళ్ళూ నలుగురే. ఆఖరి వరుస, రంగు గడి ఖాళీగా వదిలినవారు. ముందటేడు ఒకరు, నిరుడు ఎనిమిదిమంది. దాని కింద చిన్న అక్షరాల్లో, నల్లవారికీ చామనఛాయవారికీ ఉన్న పన్నెండు కోటా సీట్లు రెండేళ్ళూ నిండాయని ఉంది.

"అన్నయ్యా, కమిటీ దాటి వచ్చినవాళ్ళు అప్పుడూ పన్నెండే, ఇప్పుడూ పన్నెండే. తగ్గింది ఓపెన్‌లో. ఓపెన్‌లో వచ్చేవాళ్ళ ముఖాలు కమిటీ చూడనే చూడదు."

"మరి ఆ ఆరుగురూ ఏమైనట్టు?"

"అది పట్టిక చెప్పదు. ఖాళీ గడులు మాత్రం ఏడు పెరిగాయి. మన రువాన్ ఏం రాశాడు?"

రువాన్ అన్నయ్య కొడుకు. నిరుడు ఓపెన్‌లో మెడిసిన్‌లో చేరాడు. అన్నయ్య కాఫీ కప్పు కాసేపు తిప్పాడు.

"ఖాళీగా వదిలెయ్యమన్నాను. సొంత మార్కులతో వచ్చినవాణ్ణి కోటాగాడంటారని."

"అయితే ఏరిపారేసింది నువ్వేనా మామయ్యా?" అంది తయానె.

అది నావైపు తిరిగింది. "పిన్నీ, కమిటీ ఎంతమందిని వెనక్కి పంపిందో ఉందా ఇందులో?"

"లేదు. నిన్ను పంపరని నేను మాటివ్వలేను. పంపుతారని ఈ పట్టికా చెప్పడం లేదు."

తయానె మళ్ళీ ఫోను తెరిచింది. మెడిసిన్‌ను అలాగే ఉంచి, చామనఛాయ గడిలో గుర్తు పెట్టింది. పంపే బొత్తం మీదికి వేలు పోతుండగా అన్నయ్య జేబులోంచి కళ్ళద్దాలు తీశాడు.

"ఆగు," అన్నాడు. "ఫోనులో కింద ఇంకా ఏదో రాసుంది. మొత్తం చదివి నొక్కు."