తెల్లబడని జాయింటు

"మందు తాగుతుందా?" అని డాక్టరమ్మ అడిగేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

మంచం మీద ఉన్నది నా చెల్లి. కళ్ళు పచ్చబడ్డాయి. వారం రోజులుగా అన్నం చూస్తేనే వాంతి. పక్క బెంచీ మీద దాని అత్తగారు కూర్చుని ఉంది. కోడల్ని ఏడాదిపాటు దెప్పడానికి ఆవిడకు ఆ ఒక్క ప్రశ్న చాలు.

"మా ఇంటావంటా లేదండీ," అన్నాను. "దగ్గుమందు తాగమన్నా ముక్కు మూసుకునే మనిషి."

డాక్టరమ్మ నా కోపాన్ని పట్టించుకోలేదు. "లివర్ దెబ్బతింది. ఎందువల్లో నాకు తెలియాలి. ఏం పని చేస్తుంది?"

చెప్పాను. వాచీల షాపుల్లో గాజులా మెరిసే పెట్టెలుంటాయే, అవి మేం చేసేవే. అక్రిలిక్ అనే ప్లాస్టిక్ షీటు ముక్కలు నిలబెట్టి, అంచు వెంబడి సిరంజితో క్లోరోఫాం వదులుతాం. షీటు కొద్దిగా కరిగి రెండు ముక్కలూ ఒకటైపోతాయి. చెల్లి చేసిన పెట్టెలో అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. ఆ మాట చెబుతున్నప్పుడు కూడా, సిగ్గు లేకుండా, గర్వపడ్డాను.

"గదికి కిటికీలున్నాయా?"

"ఉన్నాయండీ, మూసేస్తాం. గాలి తగిలితే జాయింటు తెల్లబడుతుంది."

ఆమె రాయడం ఆపింది. "రోజుకి ఎన్ని గంటలు?"

"తొమ్మిది. ఆర్డరుంటే పదకొండు."

"తలనొప్పి, తల తిరగడం ఉండేవా?"

"మొదట్లో అందరికీ ఉంటాయండీ. తర్వాత అలవాటైపోతుంది. వాసన కూడా తెలియదు."

"వాసన తెలియట్లేదంటే అది పోయినట్టు కాదమ్మా. మీ ముక్కు మొద్దుబారినట్టు." ఈసారి కోపం ఆమె గొంతులో వినిపించింది. "సినిమాల్లో రుమాలు అడ్డం పెట్టగానే పడిపోతారే, అదొక్కటే దాని పని అనుకున్నారా? పడిపోకుండా రోజూ కాస్త కాస్త పీల్చినా లివరూ కిడ్నీలూ పాడవుతాయి. చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది."

మాస్కులు వేసుకుంటామన్నాను. బట్ట మాస్కు దుమ్మును ఆపుతుందేమో గాని ఆవిరిని ఆపదంది. పల్చటి గ్లౌజుల్ని కూడా దాటుకుపోతుందంది. ఇప్పుడు మానేస్తే కోలుకోవచ్చు, మళ్ళీ ఆ గదిలో కూర్చుంటే మాత్రం తాను పూచీ పడలేనంది. ఈ మనిషిని ఆ పనికి పంపకూడదని, మిగతావాళ్ళకూ రక్తపరీక్షలు చేయించాలని ఉత్తరం రాసి నా చేతికిచ్చింది.

దాన్ని తిన్నగా ఓనరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన గది ముందువైపు ఉంటుంది. ఏసీ ఉంటుంది, పెద్ద కిటికీ ఉంటుంది. ఉత్తరం చదివి నాలుగు మడతలు పెట్టాడు.

"కామెర్లు ఎవరికి రావు? బయట నీళ్ళు తాగుంటుంది. సోమవారానికి లేచి కూర్చుంటుందిలే. నూట నలభై పెట్టెలివ్వాలి, దాని చెయ్యి పడాల్సిందే."

అరికాలి మంట నెత్తికెక్కింది. "మనిషి ప్రాణం మీదికొస్తే పెట్టెలంటావేంటి? ఆ గదికి ఒక్క ఫ్యానైనా పెట్టించావా?" పదకొండేళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

ఆయన నవ్వాడు. "పెట్టించాను కదమ్మా, ఎగ్జాస్ట్ ఫ్యాను. అట్టపెట్టి మూసిందెవరు?"

తల కొట్టేసినట్టయింది. మూసింది నేనే.

ఆరేళ్ళ కిందట లోపలి గది కట్టినప్పుడు గోడ పైభాగాన ఫ్యాను పెట్టించాడు. ఆ వారమే నేను చేసిన పన్నెండు పెట్టెలు మబ్బు పట్టినట్టు వచ్చాయి. "నీ చెయ్యి పడిపోయింది," అన్నాడు అందరి ముందూ. నాకు రోషం పొడుచుకొచ్చింది. స్టూలెక్కి ఫ్యానుకు అట్ట అడ్డం పెట్టి టేపు చుట్టేశాను. మర్నాడు జాయింట్లు తేటనీళ్ళలా వచ్చాయి. ఆయన తలెత్తి అట్టను చూశాడు, కిందికి పెట్టెల్ని చూశాడు, "శభాష్" అన్నాడు. రెండేళ్ళు ఆ గదిలో జాయింట్లు వేసే కుర్చీలో నేనే కూర్చున్నాను. నాకంటే చక్కగా చేస్తోందని తర్వాత బయటి బల్ల దగ్గరున్న చెల్లిని అక్కడ కూర్చోబెట్టాను. ముక్కు దగ్గరగా పెట్టి చూడు, బుడగ కనిపిస్తుందని నేర్పింది కూడా నేనే.

"ఈ కాగితం ఎక్కడ చూపించినా నేను ఆ మాటే చెబుతాను," అన్నాడు.

"చెప్పు. చూసి శభాష్ అన్నానని కూడా చెప్పు. నేను చదివింది ఐదో క్లాసు, డబ్బా మీద ఇంగ్లీషులో ఏముందో నాకు తెలీదు. నువ్వు చదువుకున్నోడివి. పుర్రె బొమ్మున్న ఆ డబ్బాల్ని నువ్వే సంతకం పెట్టి దింపుకుంటావు."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఉత్తరం లాక్కుని లోపలి గదిలోకి పోయాను. చెల్లితో పాటు అక్కడ కూర్చునే మిగతా ముగ్గురూ వంగి పని చేస్తున్నారు.

"లేవండి, బయటికి నడవండి."

"అక్కా, జాయింటింకా ఆరలేదు," అంది చివరామె.

"ఆరకపోతే మానె. నీ లివర్ ఆరిపోతోంది, లే!"

స్టూలెక్కి అట్ట పీకేశాను. స్విచ్చి వేస్తే ఫ్యాను కదల్లేదు. దాని వైరు ఎప్పుడో ఎవరో పీకేశారు, అది మాత్రం నేను కాదు. కిటికీలు బార్లా తెరిచాను. బల్ల మీద తడిగా ఉన్న అతుకులు ఒక్కొక్కటే తెల్లబడుతుంటే, ఓనరు గుమ్మంలో నిలబడి తిడుతుంటే, తృప్తిగా చూశాను.

ముగ్గురినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికొచ్చాను. వాళ్ళు పరీక్షకు రక్తమిస్తుంటే, ఫ్యాక్టరీల తనిఖీ ఆఫీసుకి అర్జీ రాయడానికి చెల్లి మంచం పక్కన కూర్చున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. అయినా దానికి అంతా చెప్పేశాను, అట్టతో సహా.

చెల్లి పైకప్పు వైపు చూస్తూ అడిగింది.

"నా పని బాగుందనే కదా లోపల కూర్చోబెట్టావు?"

"అవునే."

"బాగాలేదని ఒక్కసారి తిట్టి ఉంటే బయటే కూర్చునేదాన్ని కదక్కా."

అది గోడ వైపు తిరిగి పడుకుంది. అటువైపు చూస్తూనే అంది, "రాసేటప్పుడు ఫ్యాను సంగతి దాచకు."

దాచలేదు. మొదటి వాక్యమే అది రాశాను. ఆ కిందనుంచి ఓనరు సంగతి మొదలుపెట్టాను. కాగితం చాలక నర్సమ్మను ఇంకో రెండు అడిగాను.