రాజుగారి ఢంకా

ఢంకాను తిరిగిచ్చేస్తానని మా దొరబాబన్నయ్య ఢంకా బజాయించి మరీ చెప్పాడు. ప్రెస్ మీట్ పెట్టాడు, ఫొటోలు దిగాడు. నమ్మాను. పెద్దమ్మ కొడుకు, తన పాతకళాఖండాల గ్యాలరీలో నాకు ఉద్యోగమిచ్చినవాడు, నమ్మక ఏం చేస్తాను?

ఆ ఢంకా ఆఫ్రికాలోని ఒక చిన్న రాజ్యానిది. ఒకే మాను తొలిచి, చుట్టూ చిరుతపులులను చెక్కారు. పట్టాభిషేకం రోజున అది మోగితేనే రాజు రాజు. తెల్లదొరలు ఎప్పుడో ఎత్తుకుపోతే, చేతులు మారి మారి సింగపూర్‌లో అన్నయ్య గ్యాలరీకి చేరింది. దాన్ని తీసుకెళ్ళడానికి ఆ రాజ్యపు మంత్రి వచ్చాడు, పెద్దవయసు మనిషి. ఇక్కడి అలవాటు కొద్దీ అంకుల్ అని పిలిస్తే మురిసిపోయాడు. ఆ చనువుతోనే బయటివాళ్ళకు చెప్పని మాట ఒకటి నాకు చెప్పాడు: ముసుగు వేశాక, రాజు స్వయంగా తీసి మోగించేదాకా ఢంకాను ఎవరూ ముట్టరు, చూడరు.

ఎంత గొప్ప మర్యాదో అని తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో భోంచేస్తూ అన్నయ్యకు చెప్పాను. అతను తినడం ఆపాడు.

"అంటే ఎవరూ చెక్ చెయ్యరన్నమాట" అన్నాడు. జోకనుకున్నాను.

ఢంకా వెళ్ళే ఉదయం ముసుగు ముడి బిగిద్దామని వంగితే గుప్పున కొత్త వార్నిష్ వాసన కొట్టింది. ఎగ్జిబిషన్‌లో పిల్లలు వాయించుకోవడానికి చేయించిన ప్లాస్టిక్ నకలు అది, పైన కొత్తగా రంగు వేయించారు! అన్నయ్యను పక్కకు లాగాను.

"అసలుదేదన్నయ్యా?"

"మన కస్టమర్ ఇంట్లో, హాల్లో. గొడవ చెయ్యకే సత్యవాణీ. అంకుల్ హ్యాపీ, ప్రెస్ హ్యాపీ. ఎవరికీ లాస్ లేదు లా" అన్నాడు సింగపూర్ యాసలో.

"రేపు జనం ముందు ఆ రాజు దీన్ని కొడితే ఏమవుద్ది?"

"వాళ్ళ ఊళ్ళో ఏమైతే మనకేంటి?"

ఒళ్ళు మండిపోయింది. తిన్నగా వెళ్ళి, అంకుల్ చూస్తుండగానే ముసుగు మీద పిడికిలితో గట్టిగా కొట్టాను. ఖాళీ బకెట్ మోగినట్టు మోగింది.

అంకుల్ లేచి నిలబడ్డాడు. ముసుగు తానే లాగేశాడు. చిరుతల మీద రంగు నిగనిగలాడుతోంది. దాన్ని చూసి, నా వైపు తిరిగాడు.

"ముసుగు మేం తియ్యకూడదన్న సంగతి ఇక్కడ నీ ఒక్కదానికే చెప్పాను తల్లీ" అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా.

అన్నయ్య ఫోన్ చూసుకుంటున్నాడు.