ఎదురుపీట

"ఇంద్రధనుస్సుకి ఏడు రంగులని ఎలిమెంటరీ స్కూలు పిల్లోడిక్కూడా తెలుసు. బెజవాడోళ్ళు, చదువుకున్నోళ్ళు, ఆరే రాసి పంపారు చూడు!" అని నవ్వాడు మా ఆయన హేమసుందర్, ఫోన్లో ఆర్డరు చూసి. నవ్వి ఊరుకుంటే బాగుండేది. నీలం పక్కన ముదురు నీలం తనే చేర్చాడు. ఆర్డరిచ్చిన అమ్మాయిని ఓ మాట అడగండి అంటే, "నువ్వు నాకు నేర్పుతావా?" అన్నాడు. పెడనలో మా మగ్గం మీద నలభై కండువాలు ఏడు చారలతో దిగాయి.

అవి ప్రైడ్ నెల కోసమట. ఆ జెండాకి రంగులు ఆరేనట. ఫొటో చూసి ఆ అమ్మాయి జ్యోతిర్మయి ఫోన్ చేసినప్పుడు ఆయన చేతిలో ఫోన్ నా చేతిలోకి వచ్చింది. ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళు, మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళు, ట్రాన్స్ వాళ్ళు, అందరూ కలిసి జూన్ నెలంతా బెజవాడలో సినిమాలు, కవితలు, ఆటపాటలు పెట్టుకున్నారని, ఆఖరి ఆదివారం ఊళ్ళో నడుస్తారని మామూలుగా చెప్పింది. ఇలాంటిది ఇంత మామూలుగా చెప్పొచ్చని నాకు తెలీదు. ఫోన్ పెట్టేశాక మా ఆయన, "నువ్వెళ్ళి సర్దిచెప్పవే, ఆడదానివి, నిన్నేమీ అనరు" అన్నాడు. నేతలో పేరు ఆయనది, తప్పొస్తే మాటపడేది నేను. పాతికేళ్ళ కాపురంలో ఇది కొత్తేం కాదు. కాకపోతే ఈసారి నేను ఎదురు చెప్పలేదు. వెళ్ళాలనిపించింది.

బస్సులో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే గంగాదేవే గుర్తొచ్చింది. కొత్త పడుగు మగ్గానికెక్కించే ముందు, దువ్వెన పళ్ళలా ఉండే పన్నెలోంచి ఒక్కో పోగూ లాగాలి. అది ఇద్దరి పని. ఇటు పీట మీద ఒకరు పోగు అందిస్తారు, అటు పీట మీద ఒకరు కొక్కెంతో లాగుతారు. వేల పోగులు, రెండు రోజుల పని. మగవాళ్ళు ఆ పీట మీద కూర్చోరు, అది ఆడపని, లెక్కలోకి రాని పని. పక్క వీధిలో పుట్టింట్లో ఉంటున్న గంగ ఆరేళ్ళు నా ఎదురుపీట మీద కూర్చుంది. మొగుడు వదిలేశాడని ఊరంటే, "నేనే వదిలేశాను, వాడికి చెప్పలేదంతే" అని నవ్వేది. పోగు అందుకునేటప్పుడు దాని వేలు నా వేలికి తగిలేది. తగలకపోతే పోగు తెగిందేమోనని ఇద్దరం తలెత్తి చూసుకునేవాళ్ళం. నాకు ఆ ఇంట్లో సుఖమంటూ ఉన్నది ఆ రెండు పీటల మధ్యే. దాన్ని ఏమనాలో అప్పుడు తెలీదు. తెలీదన్నది కూడా అబద్ధమేలే. తెలిసే, పేరు పెట్టలేదు.

ఒక మధ్యాహ్నం పని ఆపి దాని ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను. మా అత్త పేరమ్మ చూసింది. అరవలేదు. వాకిట్లో నలుగురిని పోగేసి, గంగని నిలబెట్టి, నన్నడిగింది: "ఏమవుద్దే అది నీకు?"

గంగ నా వైపు చూసింది. భయం లేదు ఆ ముఖంలో. నేనేదంటే అదే తన మాట అన్నట్టుగా చూసింది.

"ఏమీ కాదత్తయ్యా. పోగులు అందుకోడానికొస్తది, అంతే."

గంగ లోపలికి వెళ్ళింది. కొక్కెం పీట మీద పెట్టి, సగం లాగిన పడుగు అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ నెలలోనే చీరాల వెళ్ళి అక్కడ మగ్గాల దగ్గర చేరిందని విన్నాను. రెండుసార్లు మనిషితో కబురు పెట్టింది, బాగున్నావా అని. బాగున్నానని కూడా తిరిగి చెప్పించలేదు. కరోనా రెండో ఏడు గంగ పోయిందని తెలిసినప్పుడు నేను అన్నం వారుస్తున్నాను. వార్చి, అందరికీ వడ్డించాను. చావింటికి వెళ్తే గుమ్మంలోనే అడుగుతారు కదా, ఏమవుతావమ్మా అని. ఆ ప్రశ్నకి భయపడి వెళ్ళలేదు. ఇప్పటికీ పోగులు నేనొక్కదాన్నే లాగుతాను, రెండు రోజుల పని నాలుగు రోజులు పడుతుంది. ఎదురుపీట మీద కూర్చోమని ఇంకెవరినీ అడగలేదు.

గుణదలలో వాళ్ళు అద్దెకి తీసుకున్న హాల్లో మూట విప్పాను. క్షమించమనబోతుంటే జ్యోతిర్మయి కండువా ఒకటి భుజాన వేసుకుని, "ఉండనివ్వండి ఆంటీ. ఈ ఏడో రంగు మాతో నడవడానికి రాలేకపోయినవాళ్ళది అనుకుంటాం" అంది. మూలన నా వయసు ఆడవాళ్ళిద్దరు ఒక్క మజ్జిగ ప్యాకెట్టు చెరో గుక్కా తాగుతున్నారు. ఎవరూ వాళ్ళని వింతగా చూడటం లేదు. నాకు కళ్ళు మండాయి. అసూయే అది, దాచుకోవడం దేనికి.

పిల్లలు అట్టముక్కల మీద పేర్లు రాసి ఆ ముదురు నీలం చారకి పిన్నులు పెడుతున్నారు. "మీకెవరైనా ఉన్నారా ఆంటీ?" అని జ్యోతిర్మయి పెన్ను నా ముందు పెట్టింది. "ముందే చెప్తున్నా, ఇవాళ సాయంత్రం నడకలో పేపరువాళ్ళు ఫొటోలు తీస్తారు. ఇబ్బందైతే వద్దు."

మా ఇంటికి పేపరు వస్తుంది. పేరమ్మత్త చదవలేదు గానీ మా ఆయన చదివి వినిపిస్తాడు, అచ్చుతప్పులతో సహా. అదంతా ఆలోచించే పెన్ను తీసుకున్నాను. "గంగాదేవి, పెడన" అని రాశాను. కింద నా పేరు కూడా రాశాను.

ఇంతలో మా ఆయన ఫోన్. "ఒప్పుకున్నారా? వచ్చేయ్, పడుగెక్కించాలి."

"ఒప్పుకున్నారండీ. నేను నడక అయ్యాక వస్తాను. ఈసారి పోగులకి ఎదురుగా మీరు కూర్చోండి."

ఫోన్ పెట్టేశాను.

జ్యోతిర్మయి అట్టముక్కని పిన్నుతో గుచ్చుతూ, "గంగాదేవిగారు ఏమవుతారండీ మీకు?" అని అడిగింది.

"నా మనిషి" అన్నాను.

అనడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.