పది రూపాయల పద్దు

"పప్పు బాగుంది" అన్నాడు బసవపున్నారావు.

సీతారావమ్మ చేతిలో నేతి గరిటె ఆగిపోయింది. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. ఈ ఇంట్లో ఉప్పు తక్కువైతే మాట వినిపిస్తుంది, సరిపోతే కంచం ఖాళీ అవుతుంది, అంతే. ఇవాళ మెచ్చుకోలు వచ్చిందంటే దాని వెనకాల ఏదో ఉంది.

నిజానికి ఆ అనుమానం నిన్నటిది. నిన్న పొద్దున నూజివీడు వెళ్తూ, "నీ కళ్ళజోడు మర వదులైనట్టుందే, బాగుచేయించి తెస్తాను" అని గూట్లోంచి తీసి జుబ్బా జేబులో వేసుకున్నాడు. తను జ్వరంతో పడుకుంటే "ఏం, ఇవాళ పొయ్యి వెలగలేదా" అని అడిగిన మనిషికి కళ్ళజోడు మర గురించి దిగులేమిటి? ఆవిడకి తెలిసి ఆ మర గట్టిగానే ఉంది. రాత్రి అడిగితే "ఇంకా అవలేదు" అన్నాడు, మొహం చూడకుండా.

సీతారావమ్మ ఆ ఊరి పంచాయితీ బోర్డు మెంబరు. భర్త ప్రెసిడెంటు. మూడేళ్ళ కిందట, బోర్డులో ఒక ఆడమనిషిని కూడా వేసుకొమ్మని పైనుంచి కాగితం వస్తే, ప్రెసిడెంటుగారి భార్యకన్నా అనువైనవాళ్ళు ఎవరికీ కనిపించలేదు. "పేరుకి మెంబరువే అమ్మాయ్, గరిటె మాత్రం నీదే" అని అత్తగారు పున్నమ్మ అప్పుడే తేల్చేసింది. అలాగే జరిగింది. మీటింగులు వాళ్ళ వసారాలోనే పెడతారు. ఆవిడ లోపల కాఫీలు కాస్తుంటుంది. పుస్తకంలో మాత్రం 'సభ్యులందరూ హాజరు' అని ఉంటుంది. గ్లాసులు ఎవరు కడిగారో ఏ పుస్తకంలోనూ ఉండదు.

మొదటి ఏడాది ఒక్కసారి తలుపు పక్కన నిలబడి నోరు విప్పింది. ఊళ్ళో ప్రసూతి కేంద్రం పెట్టి నర్సుని వేయించమంది. రెండో కాన్పుకి నూజివీడు ఆస్పత్రికని ఎద్దుబండిలో బయల్దేరి, గోతుల దారిలోనే బిడ్డని పోగొట్టుకున్న మనిషి ఆవిడ. "గోతులు లేని దారి ఎక్కడుంటుందే" అని ఆనాడు అత్తగారు ఓదార్చింది. అదే ఓదార్పు. ఆవిడ అడిగినదానికి మెంబర్లు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, బడ్జెట్టులో 'ప్రసూతి కేంద్రం: పది రూపాయలు' అని రాయించారు.

"పది రూపాయలతో ఏం కడతారండీ?" అని తరవాత భర్తని అడిగింది.

"కట్టడానికి కాదే పిచ్చిదానా. పద్దు చావకుండా. పది రూపాయలు వేసి ఉంచితే పద్దు బతికుంటుంది. డబ్బులున్నప్పుడు పెంచుకోవచ్చు."

మరుసటి ఏడూ పదే. ఆ మరుసటి ఏడూ పదే. ఊపిరి పోకుండా చూసుకుంటే చాలుననే ఈ పద్ధతి తనకి కొత్తది కాదని ఆవిడకి మెల్లగా తెలిసొచ్చింది. ఏడాదికి రెండు చీరలు, మూడేళ్ళకోసారి పుట్టింటి ప్రయాణం, ఇవాళ ఒక 'పప్పు బాగుంది'. ఈ ఇంటి బడ్జెట్టులో తనూ పది రూపాయల పద్దే.

భోజనాలయ్యాక ఆరోగ్యం అనే బోర్డు గుమాస్తా బడ్జెట్టు పుస్తకం చంకన పెట్టుకుని వచ్చాడు. తోటల్లోంచి నడిచి వచ్చినట్టున్నాడు, భుజాల మీద మామిడిపూత రాలి ఉంది.

"సీతా, ఇలా రా. ఒక సంతకం పెట్టు. రేపటికల్లా బడ్జెట్టు పైకి వెళ్ళాలి" అన్నాడు బసవపున్నారావు.

"ఏముందండీ ఇందులో?"

"ఎప్పుడూ ఉండేవే. దీపాలు, బావులు, పశువుల తొట్లు. ఏడుగురిలో నలుగురం ఒప్పుకోవాలి. ముగ్గురం పెట్టాం. ఎదుటి పార్టీ రాఘవయ్య మనుషులు ముగ్గురూ ఎటూ పెట్టరు. నీది పడితే అయిపోతుంది."

"కళ్ళజోడు లేదు కదండీ."

"సంతకానికి కళ్ళజోడెందుకే? చూపించిన చోట గీకడమేగా."

అంతలో మామిడితోట బేరగాడు వీధిలోంచి కేకేశాడు. భర్త లేచి వెళ్ళాడు.

ఇరవై ఏళ్ళుగా ఆ పుస్తకం మోస్తున్న ఆరోగ్యం ఎవరినీ ఒక మాట అని ఎరగడు. తన కళ్ళజోడు తీసి, పైపంచె కొసతో తుడిచి, పుస్తకం మీద పెట్టాడు.

"చుట్ట కాల్చుకొస్తానమ్మగారూ. ఓ పది నిమిషాలు పడుద్ది. నా అద్దాలు కాస్త చూస్తా ఉండండి."

సీతారావమ్మ ఆ అద్దాలు పెట్టుకుంది. అలుక్కుపోయిన గీతలు అక్షరాలయ్యాయి. 'ప్రసూతి కేంద్రం: పది రూపాయలు.' దాని కింద కొత్త పద్దు. 'ప్రసూతి కేంద్రానికి గ్రావెలు బాట, చెరువుకట్ట మలుపు నుంచి బసవపున్నారావుగారి తోటలోని పాక వరకు: తొమ్మిది వందల రూపాయలు.'

ఆ పాకలో ఏటా కాయలు మగ్గబెడతారు. లేని కేంద్రానికి దారి.

వీధిలో బేరగాడి గొంతు వినిపిస్తూనే ఉంది. "బాట పడితేనే ఆ రేటండి. ఆ గోతుల్లో బండి తోలితే కాయంతా నలిగిపోద్ది."

కాయ నలుగుతుందని బాట. ఆవిడ రెండు పద్దులూ మళ్ళీ చదివింది. సంతకం మానేస్తే దీపాలూ బావులూ కూడా ఆగిపోతాయి. కలం సిరాలో ముంచి, తనకి వదిలిన చోట నిదానంగా, గుండ్రటి అక్షరాలతో రాసింది. 'కేంద్రానికి తొమ్మిది వందలు, బాటకి పది రూపాయలు. ఇలా మారిస్తేనే నా సమ్మతి. సీతారావమ్మ, సభ్యురాలు.'

భర్త లోపలికి వచ్చాడు. వెనకే ఆరోగ్యమూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పెట్టావా?"

"పెట్టానండీ."

బసవపున్నారావు వంగి చదివాడు. మళ్ళీ చదివాడు. తలెత్తి భార్య మొహం చూశాడు.

"ఈ అద్దాలెక్కడివే?"

అడుగుతూనే తెలియకుండా జుబ్బా జేబు తడుముకున్నాడు. లోపల ఆవిడ కళ్ళజోడు డబ్బా టక్కుమంది. ఆరోగ్యం వాకిట్లోని మామిడిపూత వంక చూస్తూ నిలబడ్డాడు.

"పది రూపాయలా? పది రూపాయలతో నా బాట ఏమవుతుందే?"

"పద్దు చావకుండా ఉంటుందండీ" అంది సీతారావమ్మ.