ఫ్లోరా ఆట వేళ

దసరా సీజన్ మొదలవుతుందనగా అబిడ్స్‌లోని రామచందర్ బట్టల షాపులో స్టూళ్లు తీసేశారు. కౌంటర్ల వెనక అమ్మకాలు చేసే ఆడవాళ్లు గిరాకీ లేనప్పుడు కాసేపు కూర్చునే స్టూళ్లవి.

"అద్దాల తలుపులకెల్లి చూసేటోళ్లకు కూసున్న మనిషి కనబడితే, మాల్ కదుల్తలేదనుకుంటరు," అన్నాడు రామచందర్. దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్పాడు. ఇకనుంచి క్రిస్మస్ దాకా ఐదింటికి ఎవరూ వెళ్లకూడదు. ఎనిమిదింటికి షాపు మూసేదాకా ఉండాలి.

ఫ్లోరాకు ఒళ్లు మండింది. ఆమె ముప్పై దాటిన మనిషి. మెదక్ నుంచి పెళ్లయి వచ్చి నాంపల్లిలో కాపురం పెట్టింది. భర్త హెన్రీ రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. పిల్లలు లేరు, అడిగేవాళ్లు అడగడం కూడా మానేశారు. రోజూ ఐదింటికి షాపు మెట్లు దిగి, నడుచుకుంటూ నాంపల్లి వెళ్లి, ఓ బడి గ్రౌండులో టెన్నికాయిట్ ఆడేది. రబ్బరు రింగును వలకు అటూ ఇటూ విసురుకునే ఆట. ఒంటిచేత్తో పట్టాలి, పట్టిన చేత్తోనే వెంటనే విసరాలి. ఆ బడిలో డ్రిల్లు టీచరు విద్యావతి, దవాఖానలో నర్సు సుగుణమణి, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లు కుచ్చిళ్లు దోపుకుని, రింగు కనబడనంత చీకటయ్యేదాకా ఆడేవాళ్లు. అక్కడ ఆమెను ఎవరూ ఏమీ కొనమనరు. ఆమె ఎవరిచేతా ఏమీ కొనిపించక్కర్లేదు.

షాపులో అదే పని. ఏమనాలో కూడా రామచందరే నేర్పాడు. ఓరోజు కోటేశ్వరమ్మ అనే పెద్దావిడ వచ్చి కాటన్ చీర చూపించమంది. రామచందర్ పక్కనే నిలబడి కళ్లతో సైగ చేశాడు. ఫ్లోరా నవ్వుముఖం పెట్టి, "ఇంకా కాటనేనా అమ్మా? ఇప్పుడందరూ నైలాన్‌కు మారిన్రు," అంది.

ఆవిడ తన ఒంటిమీది చీర వంక ఒకసారి చూసుకుని, భుజం మీది చిరుగు కనబడకుండా కొంగు సర్దుకుంది. బేరం కూడా ఆడకుండా నైలాన్ చీర తీసుకుని వెళ్లిపోయింది. కొన్న మనిషి ముఖంలో ఇసుమంత సంతోషం లేదు.

"షాబాష్," అన్నాడు రామచందర్. ఫ్లోరాకు నోరంతా చేదైంది.

ఇంటికి వస్తే హెన్రీది ఇంకో పాట. "పక్కింటి ప్రేమ్‌రాజోళ్లు ఫ్రిజ్ తెచ్చిన్రు. ఈ సీజనంతా నువ్వు ఎనిమిదింటిదాక చేస్తే మనం గూడ క్రిస్మస్‌కు తెచ్చుకోవచ్చు."

"తెచ్చి అండ్ల ఏం పెడ్తవు?" అంది ఫ్లోరా. "పొద్దుగాల వండింది మనింట్ల ఎప్పుడన్న మాపటికి మిగిలిందా?"

"నలుగురొస్తే చల్లటి నీళ్లన్న ఇయ్యొచ్చు."

"నలుగురొస్తే ఫ్రిజ్‌నే చూస్తరు. నేను షాపుల నిలబడి ఉంట గద."

హెన్రీకి కోపం వచ్చింది. "ఏం లాభం గా రబ్బరు రింగు విసిరితే? ఏమొస్తది?"

"ఏం రాదు! పొద్దంత చేసేదంత ఏదో వస్తదనే చేస్తున్న. గదొక్కటే ఏం రాకపోయిన చేసేది. గది గూడ కావాల్నా నీకు?"

ఆ శనివారం గౌలిగూడ నుంచి ఆడవాళ్ల జట్టు ఒకటి ఆటకు వస్తోంది. ఆరోజు ఐదింటికి వెళ్లాలని ఫ్లోరా షాపులో ముందే చెప్పింది. రామచందర్ ఔననలేదు, కాదనలేదు. ఐదు కాగానే ఆమె సంచీ భుజాన వేసుకుంది.

"ఏడికి?" అన్నాడు అతను గల్లా దగ్గర్నుంచి.

"ఆటకు సేట్. ముందే చెప్పిన గద."

"షాపు నిండ గిరాకి ఉంటే ఆటనా? చిన్నపిల్లవా నువ్వు? జీతం ఊకెనే ఇస్తున్ననా?"

కొంటున్నవాళ్లు చేతుల్లో చీరలతో ఇటు తిరిగారు. పక్క కౌంటర్లో విమల తల వంచుకుని మడతపెట్టిన చీరనే మళ్లీ మడతపెట్టసాగింది.

"పొద్దుగాల నుంచి ఐదింటిదాక నిలబడ్డదానికి ఇస్తున్నరు," అంది ఫ్లోరా. "జర ఈ విమల కాళ్లు చూడున్రి సేట్. చెప్పులు పడ్తలేవు, అంత ఉబ్బినయ్. స్టూళ్లు గుంజుకున్నరు. బట్టలకోసం వచ్చినోళ్లను మాతోనే సిగ్గుపడేటట్టు చేపిస్తున్నరు. ఇప్పుడు మా మాపటేళ గూడ కావాల్నా? ఇగ మాకు మిగిలేదేంది?"

"పోతే మళ్ల రాకు!"

ఫ్లోరా వెళ్లిపోయింది. స్టేషన్ రోడ్డు పొడవునా అద్దాల వెనక రేడియోలు, ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు. వాటిమీద రాళ్లు వేయాలనిపించింది. కోపంతో ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు మరింత కోపమొచ్చింది.

ఆటలోనూ ఆ కోపమే. విసిరిన రింగల్లా గీత దాటిపోయింది. "గట్ల కొట్టకు ఫ్లోరా, చేతికెల్లి జారనియ్యి," అంది విద్యావతి. కాసేపటికి చెయ్యి దారికొచ్చింది. గాలిలో గిర్రున తిరుగుతూ వచ్చే రింగు తప్ప ఇంకేదీ కనబడలేదు. ఓడిపోయారు. అయినా ఫ్లోరా మోకాళ్లమీద చేతులు పెట్టుకుని, ఊపిరందక, పగలబడి నవ్వింది.

ఇంటికి వెళ్లి హెన్రీకి చెప్పింది. అతను కంచం ముందునుంచి లేచిపోయాడు.

సోమవారం పొద్దున్నే విమల వచ్చింది. "సేటు రమ్మంటున్నడక్కా. నీ లెక్క అమ్మేటోళ్లు లేరట. నిన్ను ఐదింటికి పంపిస్తడట. స్టూల్ గూడ ఏపిస్తడట."

"మీకు?"

విమల తన ఉబ్బిన కాళ్లవంక చూసుకుంది.

"నాకొక్కదానికా? మీరంత నిలబడుంటే నేను కూసోవాల్నా? రానని చెప్పు!"

"నువ్వు రాకుంటే మాకేమొస్తది?" విమల గొంతు కూడా లేచింది. "నీకు మొగుని జీతముంది. నువ్వు పోగలవు. మేం పోతే తినేదేంది?"

విమల ఒక్కతే షాపుకు వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు నాంపల్లిలో ఓ చేనేత దుకాణంలో పని దొరికింది. జీతం తక్కువ. పరుపు మీద కూర్చుని బట్ట చూపించడం, కావలసినంత కొలిచి ఇవ్వడం. క్రిస్మస్‌కు ఫ్రిజ్ రాలేదు. హెన్రీ ముభావంగానే కేక్ తిన్నాడు.

విమల అన్న మాట మాత్రం ఫ్లోరాను వదల్లేదు. అబిడ్స్ షాపులు ఆదివారం మూసి ఉంటాయి. జనవరిలో ఓ ఆదివారం ప్రార్థన అయ్యాక నేరుగా విమల ఇంటికి వెళ్లింది.

"లే, గ్రౌండుకు పోదాం."

"ఉన్నదొక్క రోజు సెలవు. కాళ్లు గుంజుతున్నయక్కా."

"నిలబడి నిలబడి గుంజుతున్నయ్. జర ఉరికి చూడు. షాపుల ఇంకెవరెవరున్నరో వాళ్లను గూడ పిలువు."

విమలతో కలిపి షాపువాళ్లు ముగ్గురొచ్చారు. విమలకు మొదట ఒక్క రింగూ దొరకలేదు. పోయిన ప్రతి రింగుకూ సేటును ఓ తిట్టు తిట్టింది. అందరూ నవ్వారు. తర్వాత ఒకటి చేతికి చిక్కింది. చిక్కిన రింగును విసరాలన్న సంగతే మరిచిపోయి దానివంక చూస్తూ నిలబడింది.

"విసురే!" అని అరిచింది ఫ్లోరా.